దండెం మీద కాలిపర్లు

ఆ రెండు ఇనప ముద్దల్ని మా ఆడపడుచు సంచిలోంచి తీసి నా వంటింటి గట్టు మీద పెట్టగానే నేను చేసిన మొదటి పని అరవడం.

"ఏంటే ఇవి? వండుకునే చోట పెడతావా?"

"కాలిపర్లు వదినా. కారు బ్రేకులవి. తుక్కు యార్డులో దొరికాయి. అచ్చం మన కారు లాంటిదే ఇంకోటి అక్కడ నుజ్జునుజ్జయి పడుంది. ముందు చక్రాలు మాత్రం బతికాయి."

"బతకడమా? వీటి మొహం చూడు!"

నిజంగానే మొహం చూడాలనిపించేలా లేవు. తుప్పు, మట్టి, అరిగిన ప్యాడ్ల నల్లపొడి, ఎప్పటిదో ఎండిన జిడ్డు, అన్నీ కలిసి అట్టలు కట్టాయి. అరిచానే గానీ, చూస్తూ ఉంటే నా చేతులు దురద పెట్టడం మొదలైంది. నేను పళ్ళ క్లినిక్‌లో గార తీసే మనిషిని. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళలో పేరుకున్న గారని గీకి పారేస్తాను. అట్టలు కట్టింది ఏదైనా సరే, కంటబడితే వదిలిపెట్టలేను.

మా ఆడపడుచు కారు నడపడం నేర్పుతుంది. సొంత స్కూలు. స్కూలంటే గదీ బోర్డూ గుమాస్తా అనుకునేరు. ఒక పాత చిన్న కారు, దాని నెత్తిన ఒక రేకు పలక, పక్క సీటు ముందు టీచరమ్మ కోసం ఇంకో బ్రేకు పెడలు. అంతే స్కూలు. "ఆగమ్మా... ఆగు... ఆగమన్నానా లేదా!" అని పొద్దస్తమానం అరుస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళు ఆవిడకి ఆగమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో మేమూ అలాగే పిలుస్తాం. ఆవిడా పలుకుతుంది.

నేర్పే కార్లకి ఏటా తనిఖీ ఉంటుంది. తనిఖీ యార్డులో ఒక ఏటవాలు దారి, దాని చివర ఒక తెల్లగీత, గీతకి అవతల గోడ. నేర్చుకునే మనిషి స్టీరింగ్ పట్టుకుని కిందికి దిగాలి. బ్రేకు ముట్టుకోకూడదు. సగం దారిలో అధికారి చెయ్యి ఊపుతాడు. అప్పుడు పక్క సీట్లో ఉన్న టీచరు తన పెడలు నొక్కి కారు ఆపాలి. గీత దాటకూడదు, పక్కకి లాగకూడదు. ఆగమ్మ కారు ఈసారి రెండూ చేసింది. ఒక చక్రం బిగుసుకుపోయి, రెండోది వదిలేసి, కారు వంకరగా వెళ్ళి గీత మీద ఎక్కి కూర్చుంది.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు, శుక్రవారం పొద్దున. ఆ రోజు కూడా తప్పితే ఆ కారు నేర్పడానికి పనికిరాదని ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడ్డాక ఏ మెకానిక్కూ చెరపలేడు. ఈలోగా ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే కూడలి దగ్గరున్న పెద్ద స్కూలుకి వెళ్ళిపోయారు. ఆ పెద్ద స్కూలాయన ఆగమ్మకి కూడా కబురు పెట్టాడు. కౌంటర్లో కూర్చుని ఫోన్లు ఎత్తుతావా, ఉద్యోగం ఇస్తాను, కారు మాత్రం ఇవ్వను అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆగమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఆవిడకి మిగిలిన శిష్యురాలిని నేనొక్కదాన్నే. అందరికంటే మొద్దు శిష్యురాలిని. రోడ్డు మీద కాగితం ముక్క ఎగిరినా బ్రేకు తొక్కేస్తాను. అంటే శుక్రవారం ఆ ఏటవాలు దారిలో స్టీరింగ్ పట్టుకుని గోడ మీదికి దిగాల్సింది నేనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మన కారువి బాగుచెయ్యడానికి కుదరదా?" అని అడిగాను.

"విప్పి చూశాను. లోపల పిస్టన్లకి గుంటలు పడ్డాయి. ఈ మోడలుకి కొత్తవి రావడం మానేశాయి. రబ్బరు రింగులు మాత్రం దొరికాయి. వీటి లోపల బాగుంటే గట్టెక్కినట్టే. లేకపోతే..."

"లేకపోతే సంగతి తర్వాత. ముందు వీటిని పెరట్లోకి పట్రా. మాస్కు పెట్టుకో, ఆ నల్లపొడి పీల్చకూడదు. నీళ్ళు చల్లి రుద్దాలి, ఊదకు."

"అబ్బో, ఇవి కూడా నీ పేషెంట్లేనా?"

"నీకంటే నయం, నోరు తెరిచి కూర్చుంటాయి గానీ మాట్లాడవు!"

పెరట్లో బట్టలుతికే రాయి మీద పాత దుప్పటి పరిచి మొదలుపెట్టాం. ఆగమ్మ నాకు వివరంగా చెప్పింది. పెడలు తొక్కితే గొట్టంలోంచి బ్రేకాయిలు వచ్చి కాలిపర్ లోపలున్న పిస్టన్‌ని నెడుతుంది. పిస్టన్ ప్యాడ్లని నెడుతుంది. ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే పళ్ళేన్ని రెండువైపులా పట్టుకుంటాయి. కారు ఆగుతుంది. ఇంత పెద్ద బండిని ఆపేది నా పిడికిలంత ఇనప గిన్నె అని తెలిసి నేను నోరు వెళ్ళబెట్టాను. ఇన్నాళ్ళూ ఆ పెడలు కింద ఏదో పెద్ద రాక్షసుడుంటాడనుకున్నాను.

ఇనప తీగల బ్రష్షుతో పైన రుద్దితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. అసలు ఇనుము కనబడుతూ ఉంటే నాకు పూనకం వచ్చినట్టయింది. ఆగమ్మ కాసేపు ఆగుదాం అంది. నేను వినిపించుకోలేదు.

కానీ పిస్టన్లు బయటికి రావడం లేదు. లాగితే రావు, తిప్పితే రావు. ఏళ్ళ తరబడి కదలక బిగుసుకుపోయాయి.

"గాలి కొట్టాలి" అంది ఆగమ్మ. "ఆయిల్ వచ్చే రంధ్రంలోంచి గాలి పంపితే వెనకనుంచి నెడుతుంది. అన్నయ్యా! సైకిలు పంపు ఇటు పట్రా!"

మా ఆయన పంపు పట్టుకొచ్చాడు. రంగుల దుకాణంలో పనిచేసే మనిషి. ఎవరేమన్నా తల ఊపడం తప్ప ఆయనకి ఇంకో జవాబు తెలియదు. రబ్బరు గొట్టం బిగించి, పిస్టన్ ముందు ఒక చెక్కముక్క అడ్డం పెట్టి, మొత్తం దుప్పట్లో చుట్టింది ఆగమ్మ.

"వేళ్ళు ఎవరూ లోపల పెట్టకండి. వచ్చిందంటే తూటాలా వస్తుంది. కొట్టన్నయ్యా!"

మా ఆయన కొట్టాడు. ఏమీ లేదు. ఇంకా కొట్టాడు. ఆయన మొహం ఎర్రబడింది, చొక్కా తడిసింది, పంపు మూలిగింది.

"ఏమండీ, అన్నం తిన్నారా లేదా? గట్టిగా కొట్టండి!"

"కొడుతూనే ఉన్నా కదే..."

ఢాం!

ముగ్గురం ఒక్కసారి ఎగిరిపడ్డాం. దుప్పటి గంతేసింది. పక్కింటి మామ్మగారు కిటికీ తెరిచి, "ఏమైందర్రా?" అని అరిచింది. ఆగమ్మ దుప్పటి విప్పి, పిస్టన్‌ని బిడ్డలా రెండు చేతుల్లోకి తీసుకుంది. "వచ్చింది మామ్మగారూ!" అని అరిచింది. ఏం వచ్చిందో తెలియకపోయినా మామ్మగారు, "పోన్లే తల్లీ, సంతోషం" అని కిటికీ వేసుకుంది.

అసలు భయం అప్పుడు మొదలైంది. పిస్టన్ నిండా గోధుమరంగు మరకలు. మరక అయితే పోతుంది. గుంట అయితే పోదు. గుంట పడితే ఎన్ని కొత్త రింగులు వేసినా అక్కడ ఆయిల్ కారిపోతుంది. ఆగమ్మ గుడ్డ తీసుకుంది గానీ తుడవలేదు.

"నువ్వు తుడు వదినా. నాకు చేతులు రావడం లేదు."

బ్రేకాయిలులో గుడ్డ ముంచి ఒక్కసారి చుట్టూ తిప్పాను. మరక సగం వచ్చింది. రెండోసారి తిప్పాను. తర్వాత నా గోరు పెట్టి నెమ్మదిగా చుట్టూ నడిపించాను. పళ్ళ మీద నా గోరుకి తెలియనిది ఉండదు, పిప్పి మొదలవుతుంటే ఎక్స్‌రే కంటే ముందు నాకే తెలుస్తుంది. ఎక్కడా తట్టలేదు. వెండి గిన్నెలా మెరిసింది. అందులో నా ముక్కు కనబడింది.

"నున్నగా ఉందే! నున్నగా ఉంది!"

"నిజంగా?"

"నీ మొహం చూసుకో ఇందులో!"

చూసుకుంది. జుట్టు చెదిరి, ముక్కు మీద మసితో ఉన్న తన మొహం చూసుకుని ఫక్కున నవ్వింది. రెండో కాలిపర్ కూడా ఢామ్మంది. రెండో పిస్టన్ కూడా నున్నగానే ఉంది. మా ఆయన పంపు కింద పడేసి ఒక చిన్న గంతు వేశాడు. పెళ్ళయినప్పటినుంచి ఆయన గంతెయ్యడం నేను చూడలేదు.

ఇక నా పని. కాలిపర్ లోపల రబ్బరు రింగు కూర్చునే సన్నటి గాడి ఒకటుంటుంది. ఆ గాడిలో గార. అది గార కాక మరేమిటి? తెల్లగా, గట్టిగా, అంచుల్లో పేరుకుని, రింగుని పైకి తోసేసి పిస్టన్‌ని బిగదీసింది అదే. బ్రష్షు అక్కడికి వెళ్ళదు. నా క్లినిక్ సంచిలో మొద్దుబారి పక్కన పడేసిన పనిముట్లున్నాయి, కొనలు కొంచెం వంగి ఉంటాయి. తీసుకొచ్చి, ముక్కాలి పీట మీద కూర్చుని, కాలిపర్‌ని ఒళ్ళో పెట్టుకుని, తల మీద లైటు కట్టుకుని గీకడం మొదలుపెట్టాను. గీతలు పడకుండా గార మాత్రమే రావాలి. అది నాకు ఒకళ్ళు నేర్పాలా! పొడి రాలుతూ ఉంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పేషెంటు కదలడు, ఉమ్ముతానని అనడు.

"వదినా, పుక్కిలించమంటావా దీన్ని?" అంది ఆగమ్మ.

"నోరు మూసుకుని రింగులు ఇవ్వు."

కొత్త రింగులు వేసేటప్పుడు మా ఆయన కుట్టుమిషన్ నూనె సీసా పట్టుకొచ్చాడు, సులువుగా జారుతుందని. ఆగమ్మ ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. "ఆ నూనె తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది అన్నయ్యా! బ్రేకాయిలే రాయాలి." ఆయన తల ఊపి సీసా వెనక్కి తీసుకెళ్ళాడు. రింగు గాడిలో కూర్చుంది. పిస్టన్ మీద రెండు బొటనవేళ్ళు పెట్టి తిన్నగా నొక్కితే, ఏ పంపుకీ లొంగనిది కాస్తా మెత్తగా లోపలికి జారిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ సాయంత్రం మా అంత స్నేహితులు ఊళ్ళో లేరు.

ఆ స్నేహం తెల్లారేసరికి అయిపోయింది. తప్పు రంగుది.

వేడిని తట్టుకునే రంగు రెండు డబ్బాలు తెచ్చాడు మా ఆయన, నలుపొకటి, ఎరుపొకటి. నలుపు వెయ్యమని ఆగమ్మ చెప్పింది. చెప్పిన సంగతి నాకు గుర్తుంది. కానీ పొద్దున్నే లేచి, పిస్టన్ మూతికీ రంధ్రాలకీ ప్లాస్టర్ అంటించి, నల్ల డబ్బా మూత తీశాక నాకు మనసొప్పలేదు. అంత నలుపు గీకి మళ్ళీ నలుపే పుయ్యాలా? ఎర్ర డబ్బా తీశాను. రెండు పూతలు వేశాను. మెరిసిపోయాయి. ఆరడానికి వాటిని పెరట్లో బట్టల దండేనికి తీగలతో వేలాడదీశాను. గట్టు మీద పెట్టిన వరసలోనే, వంటింటి గుమ్మంలోంచి చూస్తే ఎడమ చక్రానిది ఎడమవైపు, కుడి చక్రానిది కుడివైపు. క్లినిక్‌లో ట్రే సర్దేటప్పుడు కూడా నా పద్ధతి అదే.

ఆగమ్మ లేచి వచ్చి చూసింది.

"ఇదేం రంగు?"

"ఎరుపు."

"కనబడుతోంది. నేను నేర్పేది కారు నడపడం వదినా, సర్కస్ కాదు!"

"చక్రం వెనక దాక్కునే దానికి ఏ రంగైతే నీకేంటి?"

"అదే నేనూ అంటున్నా, ఏ రంగైతే నీకేంటి? నలుపు వెయ్యొచ్చుగా!"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. గోళ్ళలోకి తుప్పు దూరేలా పనిచేశానన్నాను. ఎవరు చెయ్యమన్నారంది. నీ మొహానికి చెయ్యాలనిపించిందన్నాను. నా మొహం జోలికి రావొద్దంది. మా ఆయన మధ్యలోకి వచ్చి ఇద్దరికీ తల ఊపాడు. ఇంకంతే, మాటల్లేవు.

ఆ రోజు క్లినిక్‌లో ఒంటిపూట. మధ్యాహ్నం ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నాను. ఆగమ్మ వీధి గేటు వైపునుంచి పెరట్లోకి వచ్చింది. దండేనికి అవతలివైపు నిలబడి, కాలిపర్లు తడిగా ఉన్నాయేమోనని వేలితో తాకి చూసింది. ఏది ఏదో అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఆవిడ కూడా నేను చెబుతానేమోనని చూసినట్టే ఉంది. నేను చిక్కుళ్ళు చూసుకున్నాను. రెండు చేతులతో రెండూ విప్పి పట్టుకుని, తల ఎగరేసుకుంటూ వెళ్ళిపోయింది. వీధిలో జాకీ మీద లేపిన కారు కింద సాయంత్రం దాకా పానా చప్పుడు వినబడుతూనే ఉంది.

పొద్దువాలుతుండగా మా ఆయన వచ్చి, "చెల్లాయి పిలుస్తోంది" అన్నాడు.

"నోరు లేదా తనకి?"

"గాలి తియ్యాలట. ఒకళ్ళు పెడలు నొక్కాలి, ఒకళ్ళు చక్రం దగ్గర నిపిల్ తిప్పాలి. నన్ను తిప్పమంటే భయమేసింది."

రేపు శుక్రవారం. వెళ్ళాను. చాప పరుచుకుని చక్రం పక్కన పడుకున్నాను. నిపిల్ అంటే కాలిపర్‌కి ఉండే చిన్న ఇత్తడి ముక్కు. దానికి సన్నటి గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో ముంచి, పానాతో కొంచెం వదులు చేస్తే లోపల చిక్కుకున్న గాలి ఆయిల్‌తో పాటు బయటికి రావాలి. గాలి ఉన్నంతసేపూ పెడలు దూదిలా ఉంటుంది, కారు ఆగదు.

"నొక్కు" అన్నాను.

"నొక్కాను" అంది. ఆ రోజు మొదటి మాట అదే.

"పట్టుకో... వదులు. మళ్ళీ నొక్కు."

ఆయిల్ వచ్చింది. తేటగా, ఒక్క బుడగ లేకుండా వచ్చింది. అవతలి చక్రానికీ చేశాం. అదీ తేటగానే వచ్చింది. "అయిపోయింది!" అన్నాను. ఆగమ్మ పెడలు నొక్కింది. పెడలు నేలదాకా దిగిపోయింది.

మళ్ళీ చేశాం. మళ్ళీ చేశాం. మా ఆయన పైన ఆయిల్ పోస్తూనే ఉన్నాడు, సీసా నిండుతూనే ఉంది, బుడగ రాదు, పెడలు గట్టిపడదు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆగమ్మ నొక్కడం మానేసింది.

"కౌంటర్లో కూర్చుంటాలే వదినా" అంది లోపలినుంచి. "ఫ్యాను కింద ఉద్యోగం. ఎండలో అరిచే బాధ లేదు."

నా మీద అరిస్తే తట్టుకోగలను, ఆవిడ అలా చల్లగా మాట్లాడితే తట్టుకోలేను. లేవలేక అక్కడే వెల్లకిలా పడుకుని ఆ ఎర్ర కాలిపర్‌ని కోపంగా చూస్తూ ఉండిపోయాను. ఇంత శుభ్రం చేశాను, ఎక్కడుందే నీ రోగం? క్లినిక్‌లో పేషెంటు నోట్లో నీళ్ళు లాగే గొట్టాన్ని ఎప్పుడూ దవడ అడుగున పెడతాను. నీళ్ళు కిందికి చేరతాయి కాబట్టి. పైన పెడితే గాలే వస్తుంది. మాకిప్పుడు కావలసింది గాలి. గాలి పైకి చేరుతుంది. ఈ ముక్కు పైన కదా ఉండాలి!

ముక్కు నా గడ్డానికి ఎదురుగా, కాలిపర్ అడుగున ఉంది.

"ఆగమ్మా!" అని కేకపెట్టాను. "కారు దిగు! ఇది తలకిందులుగా ఉందే! గాలి పైన కూర్చుంటే మనం అడుగునుంచి ఆయిల్ తోడుతున్నాం!"

దిగి వచ్చి నా పక్కనే రోడ్డు మీద పడుకుంది. చూసింది. అటు పరుగెత్తి రెండో చక్రం చూసింది.

"అదీ అంతే! ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేశాను వదినా! అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, తేడా తెలియలేదు. దండెం మీద నాకు ఎడమపక్కన ఉన్నదే కదా ఎడమది?"

"ఏ వైపు నిలబడి తీశావు?"

"గేటు వైపు నిలబడి."

"నేను గుమ్మం వైపు నిలబడి వేలాడదీశాను! గుమ్మం వైపుకి రావడానికి నీకేం రోగం?"

"అక్కడ నువ్వు కూర్చున్నావుగా! నీతో మాటల్లేవుగా!"

ఒక్క క్షణం ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం కొరికేసేలా చూసుకున్నాం. తర్వాత ఎవరు ముందు నవ్వారో తెలియదు. రోడ్డు మీద దొర్లి దొర్లి నవ్వాం. మా ఆయన ఆయిల్ డబ్బా పట్టుకుని, నవ్వాలా వద్దా అని చూస్తూ నిలబడ్డాడు.

చకచకా విప్పాం, ఇటుది అటు, అటుది ఇటు. ఇత్తడి ముక్కులు రెండూ ఆకాశం వైపు తిరిగాయి. "నొక్కు!" అన్నానో లేదో సీసాలో బుడగలు. ఒకటా రెండా, గలగలమని, ఉడుకుతున్న గిన్నెలా! "వస్తున్నాయే! వస్తున్నాయి!" అని నేను కింద, "రానీ, రానీ!" అని ఆవిడ పైన. బుడగలు ఆగాయి. ఆగమ్మ పెడలు నొక్కింది.

"వదినా, రాయి! రాయిలా ఉంది!"

నేను మసి చేతులతోనే వెళ్ళి ఆవిడని కౌగిలించుకున్నాను.

శుక్రవారం పొద్దున తనిఖీ యార్డులో మా ముందు ఒక వ్యాను, వెనక ఒక లారీ. అధికారి సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉన్నాడు. పోయినసారి తప్పిన కారే అని గుర్తుపట్టాడు.

"బ్రేకులు ఎక్కడ చేయించారు?"

"ఇంట్లో చేసుకున్నాం సార్" అంది ఆగమ్మ.

ఆయన పెదవి విరిచాడు. ఆ విరుపు నాకు నచ్చలేదు.

పైకి ఎక్కించాం. అక్కడినుంచి చూస్తే గోడ చాలా దగ్గరగా ఉన్నట్టుంది. నా అరచేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. ఆగమ్మ నా వైపు చూడకుండానే మెల్లగా, "నీ కాలు నీది కాదనుకో వదినా. అన్నీ నాకు వదిలెయ్" అంది. కారు దిగింది. జోరందుకుంది. ఆయన చెయ్యి ఊపాడు. నా కుడికాలు బ్రేకు కోసం గిలగిలా కొట్టుకుంది. మడమని నేలకేసి తొక్కిపట్టాను. ఆగమ్మ నొక్కింది. కారు తిన్నగా, మెత్తగా, గీతకి బాగా ఇవతలే ఆగిపోయింది.

"ఆగింది!" అని నేను కేకేశాను.

అధికారి తాపీగా వచ్చి నా కిటికీలోంచి కింద నా కాళ్ళ వైపు చూశాడు.

"మీరు కూడా నొక్కారమ్మా."

"నేనా?"

"టీచరు పెడలు ఒక్కటే అయితే ఇంత ఇవతల ఆగదు. అందులోనూ ఇంట్లో చేసిన బ్రేకులు. చెల్లదు."

నా నోరు తెరుచుకుంది. అందులోంచి ఏం వచ్చేదో నాకే తెలియదు. ఆగమ్మ నా మోచెయ్యి గట్టిగా గిచ్చింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"మళ్ళీ దిగుతాం సార్. ఈసారి ఆవిడ కాళ్ళు సీటు మీద పెట్టుకుంటుంది. మీరే చూడండి."

"కాళ్ళా?" అన్నాడాయన.

"కాళ్ళా?" అన్నాను నేనూ.

"బాసింపట్టు వేసుకో వదినా."

పైన, ఇంజను నడుస్తూ ఉండగానే గేరు తీసేసి, చెప్పులు విప్పి, డ్రైవరు సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆగమ్మ తన పెడలు మీద కాలు తేలిక చేసింది. కారు దానంతట అదే దిగడం మొదలుపెట్టింది. నాకిప్పుడు తొక్కడానికి ఏమీ లేదు, భయపడి చేసే పని ఒక్కటీ లేదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకోవడం, అంతే. గోడ పెరుగుతోంది. దాని మీద సున్నం పెచ్చులు కనబడుతున్నాయి. ఆయన చెయ్యి ఊపడు. సగం దారి దాటిపోయింది. ఇంకా ఊపడు! నా ఒళ్ళంతా జల్లుమంది, కానీ అది భయం కాదు. లోపల ఆ రెండు గిన్నెలు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. నా గోటితో చుట్టూ తడిమినవి. చెయ్యి ఊపు మహానుభావా, ఊపు, చూద్దువుగాని!

ఊపాడు.

ఆగమ్మ కాలు దిగింది. నా నుదురు ముందుకెళ్ళి వెనక్కొచ్చింది. కారు ఆగింది. దుమ్ము మమ్మల్ని దాటి ముందుకెళ్ళి గోడని తాకింది.

అధికారి నడిచి వచ్చి, వంగి ముందు చక్రాన్ని చూశాడు. చక్రానికీ గీతకీ మధ్య తన బూటు పెట్టి చూశాడు. బూటు పట్టి ఇంకా జాగా మిగిలింది. అవతలి చక్రం దగ్గరికెళ్ళి అక్కడా అలాగే చూశాడు. చక్రం సందుల్లోంచి లోపలికి తొంగిచూసి, "ఇదేంటి, ఇంత ఎర్రగా ఉంది?" అన్నాడు.

"బ్రేకులు సార్" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన చెవి మీది పెన్సిలు తీసి ఏదో రాసుకున్నాడు. జేబులోంచి పచ్చ చీటీ తీసి, వెనకాల కాగితం ఊడదీసి, ముందు అద్దం మూలన అంటించి అరచేత్తో నొక్కాడు. "నేర్పడం కొనసాగించుకోవచ్చమ్మా. బండి తియ్యండి. వెనక లారీ ఉంది."

ఆగమ్మ కదల్లేదు. ఇంకా తన పెడల్ని అలాగే తొక్కిపట్టి ఉంది. బుగ్గల మీదినుంచి కన్నీళ్ళు కారి చున్నీ మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక ఆవిడ భుజం మీద ఒక్కటి చరిచాను. లారీవాడు హారను కొట్టాడు.

"నువ్వు ఇటు రావే, నువ్వు నడుపు" అన్నాను. "నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి."

చున్నీ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. సీట్లో సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఇది నేర్పే కారు. నేర్చుకునేవాళ్ళే నడపాలి. కాళ్ళు దించు. చెప్పులేసుకో."

"రోడ్డు మీదికా? ఇంటిదాకా?"

"అద్దం చూడు. క్లచ్చి పూర్తిగా నొక్కు. మొదటి గేరు వెయ్యి."

లారీవాడు మళ్ళీ హారను కొట్టాడు. నేను అద్దం చూశాను, క్లచ్చి నొక్కాను, గేరు వేశాను. ఆగమ్మ తన పెడలు మీంచి కాలు తీసి, వెనక్కి జరిపి పెట్టుకుంది. నేను క్లచ్చి మెల్లగా వదిలాను. కారు ముందుకు కదిలింది.